అమ్మ కష్టాన్ని మింగిన ‘లీ’

లాల్‌దర్వాజాలోని ఆ ఇంట్లో సాయంత్రమైతే చాలు, లక్క వాసన. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది కానీ, తల్లి పని మాత్రం మారలేదు. వేడికి మెత్తబడిన లక్కలో ఒక్కో రాయీ పొదగాలి. తెల్లారేసరికి గాజులు లాడ్‌బజార్ దుకాణానికి చేరాలి.

ఏడో తరగతి చదివే కూతురు ఆ రోజు వస్తూనే పుస్తకం విసిరేసింది. అమ్మ గురించి ఇంగ్లిషులో రాయమంటే ‘మై మదర్ వర్క్స్ హార్డ్‌లీ’ అని రాసిందట. క్లాసంతా గొల్లుమంది.

‘‘స్లో అంటే మెల్ల, స్లోలీ అంటే మెల్లగ. మరి హార్డ్‌కు లీ పెడితే తప్పెట్లయితది తాతా?’’

పత్తర్‌గట్టీ బట్టల దుకాణంలో ఏళ్లతరబడి లెక్కలు రాసిన తాత నవ్వలేదు.

‘‘నువ్వు ఆలోచించింది తప్పు గాదు బిడ్డా. మనకు ‘గా’ ఎట్లనో వాళ్లకు ‘లీ’ అట్ల. కానీ హార్డ్, ఫాస్ట్ మారయి. హార్డ్‌లీ అంటే చేసీ చెయ్యనట్టు.’’

అంటే అమ్మ పనే చెయ్యదని రాసిందన్నమాట! పిల్ల కళ్లల్లో నీళ్లు.

తాత మాట మళ్లించాడు. మక్కా మసీదు పని 1617లో మొదలైంది. చార్మినార్ 1591 నాటిది. పురానాపూల్ 1578 నాటిది. వరసగా ఓల్డ్, ఓల్డర్, ఓల్డెస్ట్! తెలుగులో ‘కంటే’, ‘అన్నిటికంటే’ అంటే సరి, ‘పాత’ అన్న మాట మారదు. ఉర్దూలోనూ ‘సే’, ‘సబ్‌సే’ చాలు. ఆ అలవాటుతోనే పిల్లలు ‘మోర్ ఓల్డర్’ అనేస్తారు. ఇంగ్లిషులో ఓల్డ్ లాంటి చిన్న మాటకు వెనక తోక, బ్యూటిఫుల్ లాంటి పొడుగు మాటకు ముందు మోర్, మోస్ట్. రెండూ కలవకూడదు.

‘‘పక్కింటి ఖాలా బెహతర్, బెహతరీన్ అంటది సూడు, అవీ తోకలే. పారశీకం నుంచి ఉర్దూలకొచ్చినయి. పాతబస్తీ పిల్లవు, నీకిది కొత్త గాదు.’’

కుంపటి దగ్గర్నుంచి తల్లి తలెత్తింది. ‘‘ఇంతకీ నా గురించి ఏం రాసినవే?’’

పిల్ల గబుక్కున పెన్సిల్ తీసి ‘లీ’ కొట్టేసింది.

‘‘నువ్వు మస్తు కష్టపడతవని రాసినమ్మా.’’

ఇంకోసారి చదివి చూసుకుంది. ఇప్పుడు తప్పు లేదు.