తప్పు తలుపుది కాదు

"ఎడమ పక్కకు పడుకుంటే ఊపిరాడట్లేదురా, కుడికి తిరిగితే ఫర్వాలేదు". 2019 సంక్రాంతికి అక్క అన్న ఈ మాటను విని వదిలేశాను. ప్రశ్నలు అడగడమే ఉద్యోగమైనవాణ్ణి, ఎందుకలా అని ఒక్క ప్రశ్న వేయలేదు.

అప్పటికే జబ్బుకు పేరు పెట్టేశారు. గుంటూరులో డాక్టరు స్టెతస్కోపుతో గుండె చప్పుడు విని, చిన్నప్పుడు కీళ్లనొప్పులు వచ్చాయా అని అడిగారు. వచ్చాయంది అమ్మ. (ఎవరి పిల్లలకు రాలేదు?) రుమాటిక్ జ్వరం వల్ల మైట్రల్ కవాటం ఇరుకైందని తేల్చి, 21 రోజులకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. ఆయన్ను తప్పుపట్టలేను. దొంగతనం జరిగితే పోలీసులు ముందు పాత కేడీనే పట్టుకొస్తారు. మన దేశంలో కవాటం చెడితే ఆ కేడీ రుమాటిక్ జ్వరమే. చాలాసార్లు దొంగ కూడా అదే. పైగా ఆయన ఎకో పరీక్ష రాశారు. అబ్బాయి పదో తరగతి పరీక్షలయ్యాక చూద్దామని వాయిదా వేసింది మేమే.

సాయంత్రమైతే జ్వరం, బరువు తగ్గడం, ఈఎస్ఆర్ పెరగడం. మధ్యలో టీబీ అనుమానమూ నడిచింది. చివరికి ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో ఎకో తీశారు. ఎడమ కర్ణికలో కోడిగుడ్డంత గడ్డ. లోపలి గోడకు కాడతో వేలాడుతూ, గుండె కొట్టుకున్నప్పుడల్లా కవాటంలోంచి కిందికి జారి మళ్లీ పైకి వస్తోంది. కవాటం ఇరుకు కాలేదు, దానికి అడ్డం పడుతున్నది గడ్డ. మిక్సోమా అన్నారు. పెద్దవాళ్లలో గుండెలోనే పుట్టే, క్యాన్సర్ కాని కణితుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. నాలుగింట మూడు వంతులు ఎడమ కర్ణికలోనే వస్తాయి. పక్క మారిస్తే గడ్డ కూడా కదిలి దారి కాస్త తెరుచుకుంటుంది. అక్క చెప్పింది అదే. జ్వరం కూడా ఆ కణితి విడుదల చేసే రసాయనాల పనే.

క్యాన్సర్ కాదనగానే నేను ఊపిరి పీల్చుకున్నాను. సర్జన్ పీల్చుకోలేదు. అది మెత్తటి గడ్డ. ముక్క విరిగి మెదడుకు చేరితే పక్షవాతం, కవాటంలో ఇరుక్కుంటే ప్రాణమే పోవచ్చు. రెండో రోజే ఆపరేషన్ చేశారు. 1954లో స్టాక్‌హోమ్‌లో క్లారెన్స్ క్రాఫోర్డ్ తొలిసారి విజయవంతంగా తీసేదాకా ఈ గడ్డతో బతికి బయటపడే మార్గమే లేదట.

మళ్లీ మొలవకుండా కాడ ఉన్నచోట గోడ ముక్కను కూడా కోసి అతుకు వేశారు. కొందరిలో గడ్డ తగిలి తగిలి కవాటం రెక్కలు దెబ్బతింటాయి. అప్పుడు దానికీ మరమ్మతు కావాలి. అక్క కవాటాన్ని సెలైన్ నింపి చూశారు. కారలేదు.

పెన్సిలిన్ ఆపేశారు. ఏడాదికోసారి ఎకో మాత్రం తప్పదు. అబ్బాయి చదువు అయిపోయింది కాబట్టి, వాయిదా వేయడానికి అక్క ఇప్పుడు వేరే సాకులు వెతుక్కుంటోంది.