రాజమహేంద్రవరపు కలము

మన యిండ్లలో గరిటెలకు, జల్లెడలకు, కత్తిపీటలకు లోపము లేదు. కాని యింటి యిల్లాలిదని చెప్పదగిన కలము ఎన్ని యిండ్ల నున్నది? పాలపద్దు వ్రాయవలసివచ్చినప్పుడు పిల్లవాని సంచిలోని అరిగిన పెన్సిలు వెదకుకొందుము. మా అమ్మగారు డెబ్బదియేండ్లు అట్లే గడపిరి. భాగవతము చక్కగా చదువుదురు. ఉత్తరము మాత్రము మాచేత వ్రాయింతురు. "నావి కోడిగీతలమ్మా" యని నవ్వి తప్పించుకొనెడివారు.

నిరుడు ఆమె కవ్వము విరిగినది. అది వారి అత్తగారినాటి చండ్రకొయ్య కవ్వము. పారవేయుటకు ఆమెకు మనసొప్పలేదు. దానిని గుడ్డలో చుట్టుకొని, అమ్మగారిని వెంటబెట్టుకొని మేము రాజమహేంద్రవరమునకు బయలుదేరితిమి. కొవ్వూరు దాటి రైలు గోదావరి మీదికి రాగానే ఆమె చేతులు జోడించి, ఒక నాణెము నీటిలోనికి విడిచిరి.

నన్నయభట్టారకుడు భారతము నారంభించిన యీ పట్టణమున వ్రాతపనిముట్టు పుట్టుట సముచితమే గదా. స్వదేశోద్యమపు దినములలో, 1932వ సంవత్సరమున, కోసూరి వెంకటరత్నముగా రిచ్చట కలములు చేయ నారంభించిరి. 1935 జూలై 16వ తేదీన గాంధిమహాత్ముడు వార్ధానుండి ఆయనకు జాబు వ్రాసి, తా నా కలమును వాడి చూచితిననియు, విదేశపు కలములకు బదులుగా అది పనికివచ్చుననియు తెలిపిరి. నాటినుండి ఈ యూర చేతికలముల పని నిలిచియున్నది.

ఒక సందులోని చిన్న పనిచోటికి బోయితిమి. పనివాడు కవ్వమును వెలుతురున త్రిప్పి త్రిప్పి చూచి, "మామ్మగారూ, కొయ్య సిరాను త్రాగివేయును. పైగా సగము బీటవారినది. మూత మాత్రము వచ్చునేమో. తరిమెనమీద పగిలినచో నన్ను అనగూడదు" అనెను.

అమ్మగారు కొంతసేపు మాటాడలేదు. పిదప, "పగులకున్నను అది మరల కవ్వము కాదుగదా నాయనా, కానిమ్ము" అనిరి.

ముందుగా ఆమెను కాగితముపై ఏదైన వ్రాయుమనెను. ఆమె సిగ్గుపడుచు "శ్రీరామ" యని వ్రాసిరి. అతడు అక్షరములను చూడలేదు, వ్రేళ్లను చూచెను. "కీళ్లు బిగిసినవి. సన్నని కలమును గట్టిగా నొక్కిపట్టుచున్నారు. తప్పు మీ వ్రాతది కాదు, కలముది" అనెను. అమ్మగారు మావంక చూచిరి. ఆ చూపు మేము మఱువజాలము.

కలపు ఒడలు ఎబొనైటుతో చేయుదురు. రబ్బరులో గంధకమును మెండుగా కలిపి కాచినచో నది కొయ్యవలె గట్టిపడును. నల్లని కడ్డీని తరిమెనకు బిగించి, నడుమ తొలిచి, ఉలితో చెక్కుచుండగా గంధకపు వాసన గుప్పుమనెను. మూతకు మరలు కోసి, గరుకుకాగితముతో రుద్ది మెఱుగుపెట్టెను. పాళీ క్రింద నాలుకవంటి ముక్క యొకటి యుండును. దాని సన్నని గాడి వెంబడి సిరా పాళీకి దిగును.

కడపట చండ్రకొయ్యను తరిమెన కెక్కించెను. మొదటి ముక్క చిట్లిపోయెను. రెండవది నిలిచెను. సిరా తగులకుండ లోపల ఎబొనైటు గొట్టము నమర్చి మూత చేసెను. వెన్న చిలికిన కొయ్య యెఱ్ఱగా నిగనిగలాడెను. కలము మామూలు దానికంటె లావుగా నుండి, అమ్మగారి వ్రేళ్లలో నొదిగికూర్చుండెను.

ఇట్టి కలము చేయించుకొనువారు కొన్ని సంగతులు గుర్తుంచుకొనవలెను. సిరా కలపు కడుపులోనే యుండును గాన చుక్కలగొట్టముతో పోయవలెను. సిరా తగ్గినకొలది చేతివేడికి లోపలి గాలి వ్యాకోచించి చుక్కలు రాలును. కావున అడుగంటకముందే నింపవలెను. అప్పుడప్పుడు చన్నీటితో కడుగుడు, వేన్నీరు కూడదు. ఎండలో నుంచినచో నల్లదనము వెలసిపోవును. అన్నిటికంటె ముఖ్యము, అంగడిలో కంటికి నచ్చిన కలమును గాక మీ చేతికి నచ్చిన దానిని అడుగుడు.

ఇల్లు చేరిన మఱునాడే అమ్మగారు తమ చెల్లెలికి స్వయముగా జాబు వ్రాసిరి. అది నాలుగే పంక్తులు. అందుకు ఒక పూట పట్టినది. వారమునకు జవాబు వచ్చినది. అందులో మా పిన్నిగారు క్షేమసమాచారములకంటె ముందు ఇట్లు వ్రాసిరి: "అక్కా, ఇన్నాళ్లకు నీ చేతివ్రాత చూచితిని. అమ్మ వ్రాతవలెనే యున్నది."