45 నిమిషాల సముద్రం

మారిషస్ ఎయిర్‌పోర్టు నుంచి రీయూనియన్ దీవిలో ఉన్న రోలాండ్ గారోస్ ఎయిర్‌పోర్టుకు నేరుగా గీత గీస్తే సుమారు 230 కిలోమీటర్లు. టికెట్ మీద ఉండే టైమ్ 45, 50 నిమిషాలు. మా చంద్రగిరి నుంచి బెంగళూరుకు రోడ్డు మీద దాదాపు అంతే దూరం. ఈ లెక్క చెప్తే మా అమ్మ, "ఇంతేనా? పొద్దున బస్సెక్కితే మధ్యాన్నానికి దిగచ్చు" అనేసింది.

బావ మారిషస్‌లో ఒక హోటల్లో వంట మాస్టరు. అక్క, రెండేళ్ల పాప ఆయనతోనే రోజ్‌హిల్‌లో ఉంటారు. 2024 జనవరిలో ఏదో ఫంక్షన్ వంటకని బావ రీయూనియన్ వెళ్లాడు. శనివారం పోయి సోమవారం రావాలి. ఆ సోమవారమే సంక్రాంతి.

ఇక్కడ చిన్న లెక్క. ఈ రెండు దీవుల మధ్య ఏటీఆర్ 72 లాంటి చిన్న విమానాలు కూడా తిరుగుతాయి. వాటి వేగం గంటకు 500 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అంటే అరగంట కూడా పట్టకూడదు కదా? కానీ టికెట్ టైమ్ అంటే విమానం కదిలినప్పటి నుంచి మళ్లీ ఆగి నిలబడేదాకా. రన్‌వే దాకా పాకడం, పైకెక్కడం, దిగడం అన్నీ అందులోనే. ఇంత చిన్న ప్రయాణంలో ఫుల్ స్పీడు అందుకునేలోపే దిగే టైమ్ వచ్చేస్తుంది. పైగా రీయూనియన్ అంటే ఫ్రాన్స్. పాస్‌పోర్టు, వీసా, క్యూ. అదే రోడ్రిగ్స్ దీవి దాదాపు 600 కిలోమీటర్లు, గంటన్నర ప్రయాణం. అయినా అది మారిషస్ దేశంలోదే కాబట్టి తలనొప్పి తక్కువ.

భోగి రోజు బెలాల్ తుపాను దగ్గరకొచ్చింది. సోమవారం పొద్దున రీయూనియన్‌లో ఊదా రంగు హెచ్చరిక పెట్టారు. అన్నిటికంటే పైది అదే, సహాయం చేసేవాళ్లు కూడా బయటికి రాకూడదు. విమానాలు ఆగిపోయాయి. బావ ఫోన్ కలవలేదు. మా ఇంట్లో పొంగలి పొయ్యి మీద ఉంది, నేను మాత్రం ఫోన్లో విమానాలు చూపించే మ్యాప్ తెరిచి కూర్చున్నా. రెండు చుక్కలు, మధ్యలో నీలం. ఒక్క విమానం లేదు.

మధ్యాహ్నానికి పోర్ట్ లూయిస్ వీధుల్లో కార్లు నీళ్లలో కొట్టుకుపోతున్న వీడియో అక్క పంపింది. రోజ్‌హిల్ ఎత్తులో ఉంది కాబట్టి వాళ్ల ఇంటికి ఏమీ కాలేదు. పక్కింటి అవ్వ వచ్చి తోడుగా పడుకుంది. ఆమె పూర్వీకులు చెరకు తోటల్లో కూలికని ఓడెక్కి వెళ్లిన తెలుగువాళ్లే. ఇప్పుడు ఆమెకు వచ్చింది క్రియోల్, కొన్ని తెలుగు మాటలు. (అక్కడ ఉగాదికి ప్రభుత్వ సెలవు ఉంటుంది, తెలుసా?) అక్కకు క్రియోల్ అంతంతమాత్రం. ఇద్దరూ రాత్రంతా ఏం మాట్లాడుకున్నారో దేవుడికే తెలియాలి.

రాత్రి పదకొండుకు ఫోన్ మోగింది. "బాగుండా, కరెంటు లేదు. పాప నిద్రపోయిందంటనా?" అని బావ గొంతు. నేను జవాబు చెప్పేలోపే అమ్మ ఫోన్ లాక్కుంది. "అల్లుడూ, పండగ పూట తలకన్నా పోసుకున్నారా?"

బుధవారం బావ ఇల్లు చేరాడు. రీయూనియన్‌లో రూమ్ తాళం వేసినప్పటి నుంచి రోజ్‌హిల్‌లో తలుపు కొట్టేదాకా అక్క లెక్కపెట్టింది. ఏడు గంటలు. గాల్లో ఉన్నది 35 నిమిషాలేనంట.