డాక్టరుకు చెప్పని మాట

మాది లింగంపేట మండలంలో ఒక తండా. రోడ్డెక్కితే ఒకవైపు ఎల్లారెడ్డి, ఇంకోవైపు కామారెడ్డి. బాపు దుబాయికి పనికి పోయినంక యాడిని, చెల్లెను వెంటబెట్టుకొని దవాఖానలు తిరిగింది మేమిద్దరం అన్నదమ్ములమే. మా యాడికి తెలుగు వస్తుంది గానీ అంగట్లో బేరమాడేటంతే వస్తుంది. బిడ్డ కష్టం చెప్పుకోవాలంటే గోర్ బోలీలోనే చెప్తుంది. ఆమె మాట మేము తెలుగులో డాక్టరుకు చెప్పాలి. డాక్టరు మాట గోర్ బోలీలో ఆమెకు చెప్పాలి. డిగ్రీ చదివినోళ్లం కదా, ఆ పని బాగానే చేస్తున్నామనుకున్నాం.

చెల్లెకు మొదటిసారి ఫిట్స్ వచ్చింది హాస్టల్లో, పొద్దున ప్రార్థనకు నిలబడ్డప్పుడు. కళ్లు తేలేసి, పళ్లు గిట్టకరిచి కింద పడిపోయిందట. ఎవరో చేతిలో తాళాలగుత్తి పెట్టారు. ఇంకెవరో ఉల్లిగడ్డ నలిపి ముక్కు దగ్గర పట్టారు. రెండు నిమిషాలకు తగ్గింది. తాళాలతోనే తగ్గిందని అందరూ అన్నారు, మేమూ నమ్మినం. ఫిట్స్ ఎక్కువసార్లు రెండు మూడు నిమిషాల్లో దానంతట అదే ఆగిపోతుందని తర్వాత తెలిసింది. ఆ రెండు నిమిషాల్లో చేతిలో ఏది పెడితే దానికే పేరొస్తుంది. మిగతా పిల్లలు భయపడుతున్నారు, కొన్నాళ్లు ఇంటి దగ్గరే ఉంచుకోండని ఫోన్ చేశారు. ఆ కొన్నాళ్లు ఏడాది అయింది.

యాడి మేరామకు మేకపోతును మొక్కుకుంది. భగత్ వచ్చి చూసి గాలి సోకిందన్నాడు. మొక్కు తప్పని మేము ఇప్పటికీ అనం. మూడోసారి ఫిట్స్ వచ్చినంక దవాఖానకు పోతే ఫెనిటోయిన్ గోలీలు రాసిచ్చారు, రాత్రికి రెండు. ఎనిమిది నెలలు ఫిట్స్ రాలేదు. మొక్కు పనిచేసిందని యాడి, గోలీ పనిచేసిందని మేము ఇంట్లో కొట్లాడుకున్నాం గానీ, బిడ్డ బాగైందన్న దాంట్లో అందరిదీ ఒకటే మాట. ఎండాకాలంలో గోలీలు అయిపోతే మళ్లీ తేలేదు. శ్రావణంలో తీజ్ వచ్చింది. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి, రాత్రిళ్లు పాటలు పాడి ఆడతారు. నాలుగో రాత్రి బుట్టల దగ్గరే పడిపోయింది. ఒక్క రాత్రిలో రెండుసార్లు.

తెల్లారి డాక్టరు దగ్గరికి పోతే ఆయన అడిగింది ఒకటే ప్రశ్న. "గోలీలు రోజూ వేసుకుంటున్నదా?"

మేము యాడి వైపు చూసినం. ఆమె గోర్ బోలీలో ఉన్నదున్నట్టు చెప్పింది. ఎండాకాలం నుంచి వేయడం లేదు, బాగైందనుకున్నాం, భగత్ కూడా ఆపొచ్చన్నాడు అని. గది నిండా జనం. మా వెనుక లైన్లో ఉన్నోళ్లు వింటున్నారు. తండావాళ్లు ఇంతే అనుకుంటారని సిగ్గేసింది. మేము తెలుగులో చెప్పింది ఇది: "రోజూ వేసుకుంటుంది సార్."

రోజూ వేసుకుంటున్నా ఫిట్స్ వస్తుందంటే డాక్టరు ఏం చేస్తాడు? మందు పెంచుతాడు. రెండును మూడు చేశాడు. ఆయన లెక్క తప్పు కాదు, మేమిచ్చిన లెక్కే తప్పు. ఈసారి భయంతో ఒక్క పూట కూడా వదలకుండా మూడు గోలీలు వేయించినం. మూడో వారానికి చెల్లె నడుస్తుంటే అడుగు తడబడేది. తాగినోళ్ల లెక్క మాట ముద్దముద్దగా వచ్చేది. ఒక మనిషి ఇద్దరుగా కనిపిస్తున్నాడనేది. బాయి దగ్గర తూలి గట్టు మీద పడ్డది, ఇంకో అడుగు అటైతే లోపల పడేది. యాడి మళ్లీ భగత్‌ను పిలువమంది.

ఆ వారమే ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకుపోయినం. మూర్ఛ చూసే మేడం. మేము నోరు తెరిచేలోపే ఆమె చెల్లెను చిగుళ్లు చూపించమంది. చిగుళ్లు ఉబ్బి పళ్ల మీదికి వచ్చి ఉన్నాయి. చెల్లె నవ్వేటప్పుడు నోటికి కొంగు అడ్డం పెట్టుకోవడం మేము చూసినం గానీ, సిగ్గనుకున్నాం. "ఈ గోలీ వేసుకుంటే కొందరికి ఇట్లయితది బిడ్డా. ఇది చూసే గోలీలు బంద్ చేసినవా?" అని మేడం అడిగింది. చెల్లె తలూపింది. ఎండాకాలంలో గోలీలు అయిపోయినయని అందరం అనుకున్నాం కదా, అవి అయిపోలేదు. ముందు నుంచే రోజు విడిచి రోజు దాచిపెట్టింది. ఒక ఇంట్లో నలుగురం, నలుగురం తలా ఒక ముక్క దాచుకున్నాం. డాక్టరుకు ఒక్క ముక్క కూడా చేరలేదు.

అప్పుడు మేము కూడా ఒప్పుకున్నాం, మొదటి డాక్టరుకు చెప్పిన అబద్ధంతో సహా. మేడం తిట్టలేదు. ఫెనిటోయిన్ సంగతి విడమరిచి చెప్పింది. ఈ మందు ఒక హద్దు దాకా గోలీ పెంచినంతే రక్తంలో పెరుగుతుంది. హద్దు దాటినంక ఒక్క గోలీ పెంచినా రక్తంలో చాలా ఎక్కువైపోతుంది. తూలడం, రెండుగా కనిపించడం దాని గుర్తులే. రెండు గోలీలు సరిగ్గా వేసుకొని ఉంటే, మూడోది అసలు అవసరమే లేకపోయేదేమో. ఇంకో మాట కూడా చెప్పింది. ఉన్నట్టుండి గోలీ ఆపితే ఒక ఫిట్స్ ఆగకముందే ఇంకోటి మొదలయ్యే ప్రమాదం ఉంటుంది, అది ప్రాణం మీదికి వస్తుంది. ఫిట్స్ రాకపోవడమంటే రోగం పోవడం కాదు, చాలాసార్లు గోలీ ఆపి పెట్టిందని అర్థం. సాధారణంగా రెండేళ్లైనా ఫిట్స్ లేకుండా గడిచినంకనే ఆపే మాట ఆలోచిస్తారు, అది కూడా నెలల తరబడి కొంచెం కొంచెంగా.

తర్వాత మేడం అడిగిన ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. "మొదలు ఏ చెయ్యి కొట్టుకుంటది?" మేమెప్పుడూ చివరే చూసినం, మొదలు చూడలేదు. యాడి చూసింది. కుడిచెయ్యి బొటనవేలు ముందు ఎగురుతుంది, మూతి కుడివైపుకు పోతుంది, ఆ తర్వాతే పడిపోతుంది అని గోర్ బోలీలో చెప్పింది. ఈసారి ఒక్క ముక్క వదలకుండా చెప్పినం. మేడం వెంటనే తల ఫోటో రాసింది. మెదడులో ఎడమవైపు చిన్న చుక్క, సున్నం గట్టిన మచ్చ. ఎడమ మెదడు కుడిచేతిని ఆడిస్తుంది కాబట్టి యాడి చెప్పింది, ఫోటో చెప్పింది సరిపోయినయి. మళ్లీ వస్తే ఫోన్లో వీడియో తీసుకురమ్మంది. బిడ్డ అట్లా కొట్టుకుంటుంటే ఫోన్ పట్టుకుంటారా అని మొదట మాకు కోపమొచ్చింది. ఒకరు పట్టుకొని చూసుకుంటే ఇంకొకరు తీయొచ్చు, డాక్టరు కళ్లతో చూసేది దాంట్లోనే కదా.

ఆ చుక్క పంది నాడపురుగు గుడ్డుతో పడ్డదై ఉండొచ్చని మేడం అన్నది. మేము పంది తినం అని యాడి గట్టిగా చెప్పింది. తిన్నందుకు కాదట. సరిగ్గా ఉడకని పంది మాంసం తింటే పురుగు కడుపులోకి వస్తుంది. అట్లా పురుగు ఉన్న మనిషి మలంలో గుడ్లు పోతాయి, ఆ గుడ్లు కడగని చేతులతో, నీళ్లతో, పచ్చి కూరగాయలతో ఇంకొకరి నోట్లోకి పోతే మెదడు దాకా చేరుతాయి. పంది ముట్టనివాళ్లకూ వస్తుంది. మన దేశంలో మూర్ఛకు ఇది పెద్ద కారణాల్లో ఒకటి. గాలి సోకిందన్న భగత్ మాట కంటే ఇది నమ్మడానికి యాడికి ఎక్కువ రోజులు పట్టింది, చేతులు కడుక్కోవడం మాత్రం ఆ రోజే మొదలుపెట్టించింది.

మందు మార్చాలన్నప్పుడు మేము తెలివి చూపించినం. మా మేనత్త కొడుకు వల్ప్రోయేట్ వేసుకుంటాడు, వానికి బాగుంది, అదే రాయండి మేడం అన్నాం. ఆమె మా చెల్లె వయసు అడిగింది. పెళ్లయ్యే వయసు ఆడపిల్లలకు వేరే దారి ఉన్నంతవరకు ఆ మందు ఇవ్వరట. కడుపుతో ఉన్నప్పుడు తల్లి అది వేసుకుంటే, పుట్టే వంద మందిలో పది మంది దాకా పిల్లలకు అవయవాల లోపాలు వస్తాయి. ముప్ఫై నలభై మందికి మాట, చదువు ఆలస్యమవుతాయి. ఇప్పటికే ఆ మందు వాడుతున్న అక్కచెల్లెళ్లు ఇది చదివి సొంతంగా ఆపొద్దు, డాక్టరును అడగండి. చెల్లెకు లెవెటిరాసిటామ్ మొదలుపెట్టి, పాతదాన్ని మెల్లమెల్లగా తగ్గించారు. కొత్తదానితో కొందరికి చిరాకు, కోపం ఎక్కువవుతాయి, మనసు బాగలేదంటే వెంటనే చెప్పమన్నారు. మా చెల్లెకు కోపం ముందు నుంచే ఉంది, అది మందుదా మనిషిదా అని తేల్చడానికి మాకు రెండు నెలలు పట్టింది.

హాస్టళ్లలో పనిచేసే సార్లకు, మేడంలకు ఒక్క మాట. పిల్ల పడిపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తటిది పెట్టండి, గడియారం చూడండి. నోట్లో చెంచా, నీళ్లు, ఏమీ పెట్టొద్దు, కాళ్లు చేతులు అదిమి పట్టొద్దు. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్లీ వచ్చినా 108కి చేయండి. ఇంటికి మాత్రం పంపేయకండి. ప్రపంచంలో దాదాపు ఐదు కోట్ల మందికి మూర్ఛ ఉందని, సరైన మందు అందితే వందలో డెబ్బై మంది దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. ఆ డెబ్బై మందిలో మా చెల్లె కూడా ఉండాల్సింది, చదువు ఆగకుండా.

పోయిన శ్రావణం ముందు దవాఖానకు పోయినప్పుడు చెల్లె మమ్మల్ని ఆపి తానే అడిగింది. "మేడం, ఈసారి తీజ్ ఆడొచ్చా?" తీజ్ అంటే ఏంటని మేడం అడిగింది. యాడి బుట్టల సంగతి, పాటల సంగతి గోర్ బోలీలో చెప్తుంటే చెల్లె తెలుగులో చెప్పింది. గోధుమ మొలకలు ఎంత ఎత్తు పెరిగితే ఎంత మంచిదో కూడా చెప్పింది. అది మేమైతే వదిలేసేవాళ్లం. మేడం ఆడుకోమంది. రాత్రి గోలీ టైం తప్పొద్దు, నిద్ర తగ్గొద్దు, ఉపవాసం వద్దు, నిమజ్జనానికి పోతే నీళ్లలో దిగొద్దు. తొమ్మిది రాత్రులూ పది గంటలకు ఫోన్ మోగేది. మా చెల్లె పాట మధ్యలో లేచి, అందరినీ తిట్టుకుంటూ ఇంటికి వచ్చేది.

ఇప్పుడు సంబంధాలు వస్తున్నాయి. చెప్పాలా దాచాలా అని ఇంట్లో రోజూ పంచాయితే. మూర్ఛ ఉంటే పెళ్లి చెల్లదనే మాటను హిందూ వివాహ చట్టంలో నుంచి 1999లోనే తీసేశారు. ఆ చట్టం షెడ్యూల్డ్ తెగలకు నేరుగా వర్తించదనేది వేరే సంగతి, మా పెళ్లిళ్లు నాయక్, కార్బారి కూర్చొని తేల్చేవే. ఒక సంబంధం వాళ్లకు చెప్పినం. మళ్లీ రాలేదు. ఇంకొకరికి చెప్పినం. అబ్బాయి గోలీ పేరు అడిగి ఫోన్లో రాసుకొని పోయిండు, ఇంకా జవాబు చెప్పలేదు.

చెల్లె దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. ఫిట్స్ వచ్చిన తేదీ, గోలీ మరిచిన తేదీ, నిద్ర తక్కువైన రాత్రి అన్నీ రాస్తుంది. దవాఖానకు పోయే ముందు అడగాల్సినవి చివరి పేజీలో రాసుకుంటుంది. పోయిన నెల మూడు ప్రశ్నలు రాసుకుంది. ఒకటి మళ్లీ ఇంటర్‌లో చేరడం గురించి, రెండోది స్కూటీ గురించి. స్కూటీ మాట ఎత్తగానే మేడం వద్దన్నది. లైసెన్సు కాగితంలోనే మూర్ఛ ఉందా అని అడుగుతారట. మూడోది అడిగేటప్పుడు చెల్లె మా ఇద్దరినీ, యాడిని కూడా బయట నిలబడమన్నది. మేము బయటికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాం. లోపల చాలాసేపు మాట్లాడుకున్నారు.