వాలు మీద నిలిపిన బండి



చలికాలము వచ్చింది. ట్రాక్టరో, జీపో, పాత కారో ఉన్న కుటుంబములు ఇప్పుడు మన పల్లెలలో చాలా ఉన్నాయి. తెల్లవారుజామున తాళము తిప్పితే బండి మొండికేసిన అనుభవము మీలో పలువురికి ఉండే ఉంటుంది. అలాంటి ఒక ఉదయము మాకు నేర్పిన పాఠమును దాచుకొనక చెప్పాలని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. ఇందులో మా తప్పే ఎక్కువగా ఉంది.

మేము సేవ చేయు గ్రామము యాదగిరిగుట్టకు దగ్గరలోనే ఉంది. మా సంఘమునకు 1994 నాటి డీజిల్ అంబాసిడర్ కారు ఒకటి ఉంది. ఒక విశ్వాసి కుటుంబము కానుకగా ఇచ్చినది. ఇంగ్లండు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాలో, కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో 1950ల చివరి నుండి 2014 వరకు తయారైన కారు అది. పెండ్లికి, చావుకు, ఆసుపత్రికి ఊరంతటికీ అక్కరకు వచ్చేది.

మా సంఘ పెద్దలలో ఒకాయన ఆర్టీసీ డిపోలో మెకానిక్కుగా పనిచేసి విశ్రాంతి పొందినవారు. ఆయనకు మూత్రపిండములు చెడిపోయి, వారమునకు మూడుసార్లు భువనగిరిలో డయాలసిస్ జరిగేది. దూరము 15 కిలోమీటర్ల లోపే. కాని పొద్దున్నే ఇచ్చిన సమయమునకు అక్కడ ఉండాలి. మంగళవారము తీసుకొనిపోయే భారము మాది.

ఆ ఏడు దసరా నాటి నుండే కారు సెల్ఫు నీరసముగా తిరుగుతున్నది. "అయ్యగారూ, సెల్ఫు గుంజుతలేదు, ఒకసారి చూపియ్యుండ్రి" అని పెద్దాయన రెండుసార్లు చెప్పారు. మేము వినలేదు. మందిరము ప్రక్కన చిన్న వాలు ఉంది. రాత్రి బండిని ఆ వాలు మీద నిలిపి, టైరుకు రాయి అడ్డము పెట్టేవారము. ఉదయము రాయి తీసి, రెండో గేరులో వేసి, బండి జారగానే క్లచ్ వదిలితే ఇంజను అందుకొనేది. పని జరుగుతున్నది గదా అనుకొన్నాము.

2022 డిసెంబరులో క్రిస్మస్ పందిరి కొరకు గుంజలు, వెదురు బొంగులు తెచ్చి ఆ వాలు మీదనే దింపారు. సోమవారము రాత్రి బండిని చదును నేల మీద నిలపవలసి వచ్చింది. మరునాడు తెల్లవారకముందే లేచాము. మంచు దట్టముగా పట్టింది. పెద్దాయన శాలువా కప్పుకొని, ఆయన భార్య టిఫిను డబ్బా పట్టుకొని వచ్చి నిలబడ్డారు. తాళము తిప్పితే కట్ కట్ మన్నది. మరల తిప్పితే ఒక మూలుగు. అలా పదే పదే తిప్పి ఉన్న కాస్త కరెంటును కూడ హరించివేశాము. మేము, అమ్మగారు, మా అబ్బాయి కలిసి నెట్టాము. చదునులో అంత బరువైన బండి వేగమందుకోలేదు. ముఖములో వాపుతో, ఆయాసముతో ఆ పెద్దాయన కూడ చేయి వేయబోయారు. ఆ చేయి చూచి మాకు సిగ్గు వేసింది.

ఆ మార్చిలోనే గుట్ట మీది ఆలయము పునర్నిర్మాణమై తెరువబడినందున, రాయగిరి స్టేషనుకు యాత్రికుల కొరకు తెల్లవారుజామునే ఆటోలు పోతుండేవి. అయ్యప్ప మాల వేసుకొన్న ఒక యువకుడు మమ్మును చూచి ఆటో ఆపాడు. సంగతి విని, ఆ ముసలి దంపతులను ఎక్కించుకొని భువనగిరికి చేర్చాడు. తరువాత కిరాయి ఇవ్వబోతే, "పెద్దమనిషిని దవాఖానకు తీస్కపోతే పైసలేంది సామీ" అన్నాడు. పాస్టరును సామీ అని పిలిచినందుకు ఆ రోజు మాకు నవ్వు రాలేదు. మంచి సమరయుని గూర్చి ఎన్నోసార్లు ప్రసంగించిన మేము, ఆ ఉదయము దారి ప్రక్కన నిస్సహాయముగా నిలబడిన పక్షమున ఉన్నాము.

ఆయన చేరేసరికి ఆలస్యమైంది. ఆయన మంచము మీద మరొక రోగిని పెట్టారు. మధ్యాహ్నము దాటిన తరువాత గాని వంతు రాలేదు. డయాలసిస్ ఆలస్యమైతే ఒంటిలో నీరు, పొటాషియము పేరుకొని ఊపిరాడదు, గుండెకే ముప్పు రావచ్చు. ఆ కొన్ని గంటలు ఆయన ఎంత బాధపడ్డారో ఆయన భార్య చెప్పగా విన్నాము.

గురువారము తెల్లవారుజామున ఆయనే మా యింటికి వచ్చారు. "ఎండ రాకముందే చూడాలె అయ్యగారూ. ఎండల అన్ని బండ్లు మంచియే" అన్నారు. కుర్చీలో కూర్చొని చెప్పుచుండగా మా అబ్బాయి, మేము పని చేశాము. మీకును పనికివచ్చునని ఆయన చెప్పిన క్రమమును ఇక్కడ ఇచ్చుచున్నాము.

మొదట చెవితో వినాలి. సెల్ఫు కట్ కట్ మన్నా, మెల్లగా మూలిగినా బ్యాటరీ వైపు చూడాలి. సెల్ఫు వేగముగా తిరిగి కూడ ఇంజను అందుకొననియెడల, డీజిల్ వైపు, హీటర్ ప్లగ్గుల వైపు చూడాలి. తరువాత హెడ్‌లైటు వేసి తాళము తిప్పాలి. లైటు పూర్తిగా ఆరిపోయినచో బ్యాటరీలో బలము లేదు, లేదా టెర్మినల్ వదులుగా ఉంది. లైటు తగ్గక సెల్ఫు కదలనిచో సెల్ఫులోనో, దాని వైరులోనో లోపమున్నది.

మా బండిలో లైటు ఆరిపోయింది. బానెట్ ఎత్తి చూస్తే టెర్మినల్ మీద సున్నము పూసినట్లు తెల్లని బూజు. ముందు మైనస్ వైరు విప్పి, తరువాత ప్లస్ విప్పి, తినే సోడా కలిపిన వేడినీళ్ళతో కడిగి, గరుకు కాగితముతో రుద్దాము. బిగించేటప్పుడు ముందు ప్లస్, తరువాత మైనస్. పైన వాజలిన్ రాశాము. మూతలు తీసి చూస్తే లోపలి పలకలు మునుగునంత నీరు లేదు. డిస్టిల్డ్ వాటర్ పోసి, ఛార్జింగుకు పంపాము. నిండుగా ఛార్జి అయిన బ్యాటరీ మీటరులో 12.6 వోల్టుల వరకు చూపుతుంది. 12.2 చూపితే సగము ఖాళీ అని అర్థము. ఫ్యాను బెల్టు కూడ వదులైపోయి, బ్యాటరీకి చేరవలసిన ఛార్జి చేరడము లేదు.

డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. గాలిని బలముగా నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిల్ మండుతుంది. చలికి ఇంజను ఇనుము ఆ వేడిని లాగేసుకొంటుంది. అందుకే ముందుగా హీటర్ ప్లగ్గులు ఎర్రగా కాలాలి. వాటి వైరు విప్పి, బ్యాటరీ ప్లస్ నుండి ఒక బల్బు వైరును ఒక్కొక్క ప్లగ్గుకు తాకించి చూశాము. వెలిగితే ప్లగ్గు బాగున్నట్లే. నాలుగింటిలో రెండు వెలుగలేదు. ఒకసారి సెల్ఫు కొట్టిన తరువాత అర నిమిషమైనా ఆగాలని, గుడ్డకు నిప్పంటించి ఇంజను క్రింద పెట్టే పని ఎన్నడూ చేయరాదని ఆయన గట్టిగా చెప్పారు. అలా చేసి బండ్లు కాల్చుకొన్నవారిని ఆయన చూచారట.

"ఈ చలి ఎంత పని చేసింది పెద్దయ్యా" అన్నాము మేము.

ఆయన నవ్వారు. "లడఖ్‌ల డీజిలే గడ్డకడతదట, మనకేం చలి అయ్యగారూ?" అన్నారు. ఆ మాట నిజమే. అక్కడి వారి కొరకు ఇండియన్ ఆయిల్ సంస్థ 2019లో, సున్నాకు దిగువ 33 డిగ్రీల వరకు పారే ప్రత్యేక డీజిలును తెచ్చింది. మన వైపు తెల్లవారుజామున 10 డిగ్రీల దగ్గరకు దిగితేనే వణికిపోతాము. ఆ కొద్ది చలికి బ్యాటరీ బలము కొంత తగ్గుతుంది, ఇంజను ఆయిలు కొంత చిక్కబడుతుంది. బాగున్న బండికి అది లెక్కే కాదు. "చలి చెడగొట్టలేదు అయ్యగారూ. దసరాకే చెడ్డది. మీరు వాలు మీద పెట్టి దాచిన్రు. చలి వచ్చి బయటపెట్టింది."

మేము మౌనముగా ఉన్నాము. ఆయనే మరల అన్నారు: "నేను మాత్రం ఏం చేసిన? బీపీ గోలీలు తలనొప్పి లేదని బంద్ పెట్టిన. కాళ్ళు వాచి చెప్పులు బిగుతైతే, పెద్ద సైజు చెప్పులు కొనుక్కున్న. రెండేండ్లు ఆ చెప్పుల్తోనే తిరిగిన."

ప్రియులారా, ఆ చెప్పుల మాట మమ్మును ఇంటివరకు వెంటాడింది. మత్తయి సువార్త 25వ అధ్యాయములోని పదిమంది కన్యకలను జ్ఞాపకము చేసికొనండి. సాయంకాలము పది దివిటీలు ఒకే విధముగా కనబడినవి. సిద్దెలలో నూనె లేదని తేలింది మాత్రము అర్ధరాత్రి. అర్ధరాత్రి ఆ నూనెను ఒలకబోయలేదు. లేదని చూపించింది, అంతే.

మాకును ఒక వాలు ఉంది. థియాలజీ డిప్లొమా చదివిన నాటి నోటుపుస్తకములు మా దగ్గర ఉన్నాయి. సిద్ధపాటు లేని ఆదివారములలో పాత ప్రసంగమును అటు ఇటు మార్చి చెప్పి గట్టెక్కుచుండేవారము. సంఘము ఆమెన్ అన్నది, బండి నడిచింది. మోకాళ్ళ ప్రార్థన తగ్గిన సంగతి మాకు, దేవునికి మాత్రమే తెలుసు. కొన్ని కుటుంబములలో భార్యాభర్తలు పిల్లల ద్వారానే మాట్లాడుకొంటారు. ఇల్లు నడుస్తూనే ఉంటుంది. పిల్లలు చదువులకు వెళ్ళిపోయిన రోజున ఆ యిల్లు చదును నేల మీద నిలిచిపోతుంది. అప్పును అప్పుతో తీర్చేవారి సంగతి మీకు తెలియనిది కాదు.

మా పెద్దాయన 2024 వేసవిలో ప్రభువునందు నిద్రించారు. ఆ మంగళవారము తరువాత ఆయన ఒక్కసారి కూడ మా వలన ఆలస్యము కాలేదు. అది దేవుని కృప, ఆయన నేర్పిన పని.

ఇప్పుడు మేము బండిని చదును నేల మీదనే నిలుపుతున్నాము. వాలు ఖాళీగా ఉన్నా అక్కడ పెట్టము. లోపము వస్తే మరునాడే తెలియాలని మా ఉద్దేశము. మీరును ఈ సాయంకాలము, చలి దిగకముందే, మీ బండి మూత ఎత్తి చూడండి. ఆ తరువాత కొంతసేపు ప్రభువు సన్నిధిని కూర్చొని, మీ వాలు ఎక్కడున్నదో ఆయననే అడగండి. ఆయన గద్దించుటకు గాక బాగుచేయుటకే చూపిస్తాడు. ఆమెన్.