ముగ్గురాయి, కలివికోడి

కడపసీమలో రైల్వేకోడూరుకు దగ్గరగా మంగంపేట అనే ఊరు ఉంది. అక్కడి రాయి చేతిలోకి తీసుకున్నవాడెవడైనా ఒక్కసారి ఉలిక్కిపడతాడు. పిడికెడు రాయికి ఇంత బరువేమిటి? నీటికంటె సుమారు నాలుగున్నర రెట్లు బరువు. శాస్త్రజ్ఞులు దీన్ని బెరైటీస్ అంటారు. మన జనం ముగ్గురాయి అంటారు. ఒకేచోట ఇంత పెద్ద నిల్వ ఉండటం ప్రపంచంలోనే అపురూపం. దీని పొడిని నీటిలో కలిపి, చమురుబావులు తవ్వేటప్పుడు లోపలికి పంపుతారు. అడుగునుంచి ఎగదన్నే నూనెనూ వాయువునూ ఆ బరువు అణచిపెడుతుంది. అందుచేత మంగంపేట రాయి ఓడలెక్కి దేశాలు తిరుగుతుంది.

గని అంచున నిలబడి చూస్తే, మెట్లుమెట్లుగా దిగిన ఆ లోతులో లారీలు అగ్గిపెట్టెల్లా కనబడ్డాయి. పడమట శేషాచలం, పాలకొండలు, తూర్పున వెలిగొండలు. నడుమ మామిడితోటలు, అరటితోటలు. ఆ కొండల్లోనే ఎర్రచందనం పెరుగుతుంది. తూర్పు కనుమల్లోని ఈ దక్షిణభాగం తప్ప దానికి మరో పుట్టిల్లు లేదు.

నా పూర్వశిష్యుడొకడు ఈ ప్రాంతంలో ఉపాధ్యాయుడు. రాజంపేట, నందలూరు, ఒంటిమిట్టల మీదుగా సిద్ధవటం వెళుతూ ఉంటే అడిగాడు: “మాస్టారూ, ఆఫ్రికా అడవుల్లో గొప్ప గొప్ప బసలు కట్టి, దొరలకు సింహాలను చూపించి డబ్బు చేసుకుంటున్నారట. ఆ డబ్బుతోనే జంతువులనూ కాపాడుతున్నారట. మన అడవికి ఆ యోగం ఎందుకు పట్టకూడదు?”

మంచి ప్రశ్నే. రువాండాలో గొరిల్లాల దగ్గర ఒక గంట గడపటానికి 2017 నుంచి 1,500 డాలర్ల రుసుము పెట్టారు. పర్యాటక ఆదాయంలో కొంత చుట్టుపక్కల ఊళ్లకు పంచుతారు. కెన్యాలో మారా పక్కన మసాయీలు తమ భూములను వన్యమృగాలకోసం కౌలుకిచ్చి, నెలనెలా సొమ్ము తీసుకుంటున్నారు. పశువును తిన్న సింహంమీద కసి కొంత తగ్గడానికి ఇదొక కారణం కాబోలు. అయితే నాణేనికి రెండో వైపూ ఉంది. టాంజానియాలో సెరెంగెటీని మృగాలకు విడిచిపెట్టాలని 1959లో మసాయీలను అక్కడినుంచి పంపివేశారు. 2020లో మహమ్మారి వచ్చి విమానాలు ఆగిపోతే బసలు బోసిపోయాయి. కాపలావాళ్ల జీతాలకే కటకట వచ్చింది.

ఇంతకీ సిద్ధవటం దాటిన తరవాత వచ్చే లంకమలలో ఉన్న విశేషం ఏనుగూ కాదు, సింహమూ కాదు. ఒక చిన్న పిట్ట. కలివిపొదల్లో తిరుగుతుంది గనుక కలివికోడి అన్నారు. ఛాతీమీద రెండు పట్టీలుంటాయి. 1848లో లోకానికి తెలిసింది; జెర్డన్ అనే దొర పేరు పెట్టారు. 1900 తరవాత ఎవరికీ కనబడకపోయేసరికి అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు వెతుకుతూ వస్తే, ఆచూకీ తీసినవాడు ఈ కంపల్లో పిట్టలు పట్టి బతికే స్థానికుడే. 1988లో లంకమలను అభయారణ్యం చేశారు. తెలుగుగంగ కాలువ ఈ పిట్ట తావులమీదుగా పోబోతే, దాని దారి కూడా మార్చవలసి వచ్చింది.

కలివికోడి రాత్రిపూట తిరుగుతుంది. అలికిడైతే పొదల్లోకి పరుగెడుతుంది. పరిశోధకులు జల్లించిన మెత్తటి మట్టిని నేలమీద పట్టీలుగా పరచి, తెల్లవారి అడుగుజాడలు వెతికేవారు. ఇటీవలి కాలంలో అది కంటబడటం మరీ అరుదైపోయింది. దీన్ని చూపిస్తానని ఏ బసవాడు డబ్బు పుచ్చుకోగలడు?

దారిలో కనబడ్డ మేకలకాపరిని ఈ పిట్ట సంగతి అడిగాము. “పులి అంటే సూసేదానికి జనమొస్తారు. ఈ పిట్ట కోసరం ఎవరొస్తారు సామీ? మేమే ఈడ ఉండాల్సినోళ్లం” అన్నాడు.

అతని మాటలో పెద్ద విషయమే ఉంది. ఈ పిట్టకు దట్టమైన అడవీ పనికిరాదు, బోడినేలా పనికిరాదు. నడుమ ఖాళీలున్న పొదల బీడు కావాలి. మేకలు మితిమీరి మేసినా, కట్టెలు మితిమీరి కొట్టినా పొదలు పోతాయి. అసలు మేతే లేకపోతే పొదలు మూసుకుపోతాయి. అంటే మేకలకాపరిని వెళ్లగొట్టి కలివికోడిని కాపాడలేము, అతన్ని కలుపుకోవాలి. ఎన్ని మేకలు, ఏ ఋతువులో, ఏ మేర వరకు అనేది అతనితో కూర్చుని తేల్చుకోవాలి. కాపలా కొలువులు ముందుగా ఆ ఊళ్లవాళ్లకే దక్కాలి. కనబడే మృగానికి అతిథి సొమ్ము ఆసరా కావచ్చు. కనబడని పిట్టకు పొరుగువాడే దిక్కు.

మీరెప్పుడైనా ఆ వైపు వెళితే పెన్న ఒడ్డున సిద్ధవటం కోట తప్పక చూడండి. లంకమల కంపల్లోకి మాత్రం దీపాలు పట్టుకొని దిగకండి. పొదల అవతలినుంచి చూసి, ఆ పిట్ట అక్కడెక్కడో ఉందనే నమ్మకంతో వెనక్కి రండి.