సింకు కింద సంస్థానం

భోగి మంటలో మీరేం వేస్తారండీ? పిడకలు, తాటాకులు, విరిగిన కుర్చీ కాళ్ళు. బాగుంది. మరి ఆ దోమల స్ప్రే డబ్బా ఎందుకు వేసినట్టు? ఖాళీ అయిపోయిందా? అది మనకు ఖాళీ. లోపల గ్యాసు కాస్త మిగిలే ఉంటుంది. వేడి తగిలితే ఢామ్మని పేలుతుంది. పిల్లలు చప్పట్లు కొడతారు, నిజమే. రేకు ముక్క మాత్రం ఎవరినీ అడిగి ఎగరదు.

సరే, పండగపూట నస పెట్టను. అసలు నాకు సరదా అంతా పండగ ముందు ఇల్లు దులపడంలోనే ఉంది. సింకు కింద అర తలుపు తీసి, నేల మీద చతికిలబడి, ఒక్కో సరుకూ బయటికి లాగడం. ఆహా, ఆ సుఖం వేరు! అదో సంస్థానమండీ. యాసిడ్ సీసా, ఫినాయిలు, బ్లీచింగ్ పౌడరు, చీమల మందు, ఎలకల మందు, కలరా ఉండలు, మూత బిగుసుకుపోయిన వార్నిష్. వీటి వెనకాల ఎప్పుడు కొన్నారో, ఎవరు కొన్నారో తెలియని గోధుమరంగు సీసా ఒకటి. మీ ఇంట్లో లేదంటారా? ఇంకాస్త లోపలికి చెయ్యి పెట్టండి.

మనం సీసా పారేసే జాతి కాదు కదా. హార్లిక్స్ సీసాలో కందిపప్పు, ఐస్‌క్రీం డబ్బాలో ఇడ్లీ పిండి. నాకూ అదంటే మహా ఇష్టం. కానీ కూల్‌డ్రింకు సీసాలో కిరసనాయిలు పోసి గట్టు కింద పెట్టేవాళ్ళను చూస్తేనే ఒళ్ళు మండుతుంది. ఎండలో ఆడొచ్చిన పిల్లాడికి అది కూల్‌డ్రింకే, ఇంకేముంది? మందు వచ్చిన సీసాలోనే ఉండాలి. చీటీ ఊడితే మార్కరుతో పేరు రాయాలి. పిల్లల చెయ్యి అందని అరలో పెట్టి తాళం వెయ్యాలి. తాళమా అని నవ్వకండి, జంతికల డబ్బాకు వేయడం లేదూ? పొరపాటున ఎవరైనా కిరసనాయిలు తాగితే కక్కించకండి. కక్కేటప్పుడే అది ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. ‘ఉప్పునీళ్ళు పట్టించండి’ అనే పెద్దరికం ప్రతి వీధిలోనూ ఉంటుంది. ఆవిడకో దండం పెట్టి, సీసాతో సహా ఆస్పత్రికి పరుగెత్తండి.

యాసిడ్‌కీ బ్లీచింగ్ పౌడరుకీ జాతకాలు కలవవు. ఇద్దరినీ పక్కపక్కన పెట్టకండి, బాత్రూంలో అసలే కలపకండి. కలిస్తే పుట్టేది క్లోరిన్. 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్రె దగ్గర జర్మన్ సైన్యం అవతలివాళ్ళ మీదికి వదిలింది ఆ గ్యాసునే. తలుపు మూసుకుని, రెండూ గుమ్మరించి, ‘ఈసారి తళతళలాడాలి’ అని రుద్దుతారు చూడండి, వాళ్ళ ధైర్యానికి జోహార్లు!

మందుల డబ్బా తెరిచారా? మందుల షాపాయన మాత్రల షీటు కత్తిరిస్తే తేదీ ఉన్న ముక్క ఎప్పుడూ ఆయన దగ్గరే ఉండిపోతుందేమిటండీ? మనకు మిగిలేవి పేరులో సగం, మాత్రలు రెండు. తేదీ తెలియని మాత్రను దాచుకుని ఏం సాధిస్తాం? అలాగని టాయిలెట్లో పోసి నీళ్ళు కొట్టకండి. అవి మురుగులోంచి చెరువులోకి చేరతాయి. ప్రత్యేకంగా తీసుకునే చోటు లేకపోతే, రేకుల్లోంచి ఒలిచి, వాడేసిన టీపొడిలో కలిపి, కవరు గట్టిగా మూసి ఇవ్వండి. అప్పుడు కుక్కా ముట్టదు, మనిషీ ఏరుకోడు. ఇంట్లో ఇన్సులిన్ తీసుకునేవాళ్ళుంటే సూదులను మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూత బిగించి, పైన ‘సూదులు’ అని రాయండి. చెత్తబండి అమ్మాయి మన సంచీని ఉత్త చేతులతో విప్పుతుంది.

పాత థర్మామీటరు ఉందా? మన తరానికి అది పగలడమంటే పండగే. అరచేతిలో పాదరసం గుండ్లు దొర్లించని పిల్లలెవరు! ఇప్పుడలా చేయకండి. అందులో దగ్గర దగ్గర వంద సీఎఫ్ఎల్ బల్బులకు సరిపడా పాదరసం ఉంటుంది. చీపురు పెడితే గుండ్లు ఇంకా చిన్నవై ఇల్లంతా పరుగెడతాయి. కిటికీలు తెరవండి, అట్టముక్కతో దగ్గరికి నెట్టండి, సీసాలోకి ఎత్తి మూత పెట్టండి. ముందు గాజులూ ఉంగరాలూ తీసేయండి, పాదరసం తగిలితే బంగారం తెల్లబోతుంది. హమ్మయ్య, ఈ మాట విన్నాక అందరూ జాగ్రత్తపడతారు!

ఇక రిమోటు బ్యాటరీలు. పని చేయకపోతే మొదట రిమోటును కొడతాం. తర్వాత బ్యాటరీలను అటూ ఇటూ తిప్పుతాం. తర్వాత ఎండలో పెడతాం. కొందరు పంటితో కొరుకుతారు కూడా. వాటికి మర్యాదగా ఓ డబ్బా కేటాయించండి. గుండీ బ్యాటరీల రెండు మొహాలకూ టేపు చుట్టి, పిల్లలకు కనపడకుండా దాచండి. ఒకటి మింగితే రెండు గంటల్లోనే గొంతు కాలుతుంది. ఇన్వర్టరు బ్యాటరీని మాత్రం పాత సామాన్ల బండికి ఇవ్వకండి. దాన్ని పగలగొట్టి, ఆ యాసిడ్‌ను కాలవలో పారబోసి, సీసం ముక్కలు ఏరుకునేవాళ్ళ చేతికి పోతుంది. కొత్తది కొన్నచోటే పాతది ఇస్తే ధర తగ్గిస్తారు. బేరం కూడా ఆడొచ్చు, అదో సరదా.

ఇవన్నీ ఎక్కడివ్వాలంటారా? తడి చెత్త, పొడి చెత్త కాక ఇలాంటివి మూడోరకంగా విడిగా పెట్టాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలే చెప్పాయి. ఇరవై చదరపు కిలోమీటర్లకు ఒకటి చొప్పున వీటిని తీసుకునే కేంద్రం పెట్టమనీ చెప్పాయి. మీ వార్డు ఆఫీసుకెళ్ళి ‘మన కేంద్రం ఎక్కడండీ’ అని అడగండి. ఒకరి మొహాలొకరు చూసుకుంటే మరో నలుగురిని వెంటేసుకుని మళ్ళీ వెళ్ళండి. హైదరాబాద్ పక్కన దుండిగల్‌లో, విశాఖ దగ్గర పరవాడలో ప్రమాదకర వ్యర్థాలను శుద్ధి చేసి పూడ్చే చోట్లు ఉండనే ఉన్నాయి. కష్టమంతా మన గుమ్మం నుంచి అక్కడిదాకా చేర్చడమే.

రంగు డబ్బాల సంగతి వేరు. రంగు బాగుంటే అది చెత్తే కాదు. మూత బిగించి, పొయ్యికి దూరంగా పెట్టి, కావలసినవాళ్ళకు ఇచ్చేయొచ్చు. అన్నట్టు, మీ గేటుకు రంగెప్పుడు వేయిస్తున్నారు? మా దగ్గర ఆకుపచ్చ ఎనామిల్ అర డబ్బా ఉంది. మా గేటు అదే రంగు, ఎదురింటివాళ్ళదీ అదే రంగు. బ్రష్షు కూడా ఇస్తాను, మొహమాటపడకండి.